చావింట్లో నవ్వు

చెరువు కట్ట కింద, తుమ్మచెట్టుకు కొంచెం అవతల, విస్తరిలో అన్నీ పెట్టారు. మాంసం కూర, గారెలు, పెరుగన్నం, చిన్న సీసాలో కల్లు, పక్కన బీడీ కట్ట. పాలకుర్తి దగ్గరి మా పల్లెలో, చనిపోయిన పెద్దబాపుకు పిట్టకు పెట్టిన రోజది. పెట్టి, అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, దిగడం లేదు.

పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని మా దిక్కు నమ్మకం. అందుకే ఒక్కొక్కరూ ఒక్కో మాట ఇస్తున్నారు. "చిన్నదాని పెండ్లి మేం జేస్తం బాపూ, రంది పెట్టుకోకు" అన్నాడు పెద్దకొడుకు. "బాయికాడి మోటరు బాగుచేయిస్త" అన్నాడు చిన్నకొడుకు. "అత్తమ్మను మంచిగ చూసుకుంటం" అంది కోడలు. కాకి కదల్లేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది.

అప్పుడు నాలుగేళ్ళ మనుమడు తల్లి చెయ్యి విడిపించుకుని రెండడుగులు ముందుకేసి, విస్తరి వైపు గట్టిగా అరిచాడు.

"తాతా, ఆగు! నీ పండ్ల సెట్టు ఇంట్లనే ఉన్నది. నేనురికి తెస్త!"

ముందు నవ్వింది మా పెద్దమ్మే. కొంగు నోట్లో కుక్కుకుంది, భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకుని కోడలు పట్టుకోబోయింది. మొహం చూశాక కోడలికీ ఆగలేదు. ఒకరిని చూసి ఒకరు, చివరికి డప్పు పట్టుకుని దూరంగా కూర్చున్నాయనతో సహా అందరం నవ్వాం.

ఆ రాత్రి పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నలభై రెండేండ్లు కాపురం జేసిన. మనిషి పోయి పదకొండొద్దులు. నేనెట్ల నవ్విన్రా? నాకు సిగ్గులేదా?"

ఈ అడుగుడు ఆమె ఒక్కదానిదే కాదు. దవాఖాన వరండాలో చాప పరుచుకుని కూర్చున్నవాళ్ళు, అప్పులవాడు వచ్చిపోయిన పూట గడపలో కూర్చున్నవాళ్ళు, పసిపిల్లల చేష్ట చూసి నవ్వి, ఆ వెంటనే నాలుక కరుచుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆమెకు ఆ రాత్రి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ చెప్తాను.

నవ్వుకు జోకు అక్కర్లేదు

అమెరికాలోని మేరీలాండ్‌లో రాబర్ట్ ప్రొవైన్ అనే నాడీశాస్త్రవేత్త నవ్వును పక్షులను చూసినట్టు చూశాడు. ప్రయోగశాలలో కూర్చోకుండా, మనుషులు మాట్లాడుకునే చోట్లకు పోయి, ఎవరు ఎప్పుడు నవ్వారు, నవ్వుకు ముందు వచ్చిన మాట ఏమిటి అని రాసుకున్నాడు. అట్లా 1,200 నవ్వులు పోగయ్యాయి. వాటిలో నవ్వు తెప్పించే మాట తర్వాత వచ్చినవి 20 శాతానికి మించలేదు. మిగతావన్నీ "సరే, పోయొస్త", "నువ్వెప్పుడొచ్చినవ్?" లాంటి ఉత్త మాటల వెనకాల వచ్చిన నవ్వులే. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయన లెక్క తేల్చాడు. ఈ సంగతులన్నీ 2000లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉన్నాయి.

పిల్లలూ అంతే. బ్రిటన్‌లో కాస్పర్ ఆడిమన్, ఆయన తోటివారు బడికి పోయే వయసు రాని పిల్లలకు కార్టూన్లు చూపించారు, ఒంటరిగా కొన్నిసార్లు, తోడుతో కొన్నిసార్లు. తోడుంటే 8 రెట్లు నవ్వారు. బొమ్మ ఎంత నవ్వొచ్చేలా ఉందని అడిగితే మాత్రం రెండుసార్లూ ఒకేలా చెప్పారు. బొమ్మలోని తమాషా పెరగలేదు, పక్కన మనిషి ఉన్నాడంతే. దీన్ని మనం తోడు నవ్వు అందాం.

ఇప్పుడు చావిల్లు ఎట్లా ఉంటుందో తలుచుకోండి. దగ్గరివాళ్ళందరూ ఒక్కచోట ఉంటారు. ఒకే గిన్నెలోంచి తింటారు, ఒకే చాప మీద ఒరుగుతారు. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా పక్కపక్కన కూర్చుంటారు. పెండ్లిలో కూడా అంత దగ్గరితనం ఉండదు, అక్కడ పనులుంటాయి. తోడు నవ్వుకు కావాల్సిన కట్టెలన్నీ పేర్చి ఉన్నట్టే. అగ్గిపుల్ల ఒక్కటి తక్కువ. అది నాలుగేళ్ళవాడి చేతిలో ఉంటుంది.

పండ్ల సెట్టు వెనక ఉన్న లెక్క

వాడన్న మాటలో తప్పేముందో వెతికితే ఒక్కటీ దొరకదు. తాతకు పెట్టుడు పండ్లున్నాయి. అవి లేకుండా తాత మాంసం తినడు, రోజూ చూశాడు. ఇప్పుడు మాంసం పెట్టారు. తాత తినడం లేదు. పండ్లు గూట్లో స్టీలు డబ్బాలో ఉన్నాయి. మేమందరం పెద్దబాపుతో బతికున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాం. వాడూ మా లాగే మాట్లాడాడు. అసలు చిక్కు ఏమిటో పట్టుకున్నది మాత్రం వాడొక్కడే.

పిల్లలకు చావు గురించి ఏం తెలుసు? 1948లో మరియా నాజ్ అనే హంగేరీ మనస్తత్వ శాస్త్రవేత్త, 3 నుంచి 10 ఏళ్ళ పిల్లలతో మాట్లాడి, బొమ్మలు వేయించి తెలుసుకున్నది ప్రచురించింది. అయిదేళ్ళ లోపువాళ్ళకు చావంటే వేరే ఊరికి పోవడం లాంటిది. పోయినవాళ్ళు అక్కడ తింటారు, పడుకుంటారు, కొంచెం మెల్లగా బతుకుతారు. మళ్ళీ రావచ్చు కూడా. ఇక రారని తెలియడం, తర్వాత అది అందరికీ వస్తుందని తెలియడం, వయసు పెరిగేకొద్దీ మెట్టు మెట్టుగా వచ్చేవి.

పసివాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది. మన లెక్కతో తగిలినచోట నవ్వు పుట్టింది. ఇద్దరి లెక్కలకు పొంతన తప్పింది. కానీ పొంతన తప్పిన ప్రతిచోటా నవ్వు రాదు. అదే మాట ఏ దూరపు చుట్టమో, కల్లు తాగిన పెద్దమనిషో అంటే అక్కడ కొట్లాట అయ్యేది. పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో దీనికొక సూత్రం చెప్పారు. నవ్వు రావాలంటే ఏదో ఒక హద్దు దాటాలి, దాటినా చెడు జరగలేదని మనసుకు అదే క్షణంలో తోచాలి. హాని లేని హద్దు మీరడం అన్నమాట. హద్దు మాత్రమే కనిపిస్తే కోపం, హాని లేకపోవడం మాత్రమే కనిపిస్తే విసుగు. పసివాడి నోట్లో హద్దు దాటిన మాట ఉంటుంది, హాని తలపెట్టే మనసుండదు. అందుకే పెద్దలకు లేని అనుమతి పిల్లలకుంది.

ఈ సంగతి బూచాట ఆడించిన ప్రతి తల్లికీ తెలుసు. 1972లో అలన్ స్రూఫ్, జేన్ వున్ష్ పసికందుల నవ్వుల మీద చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. తల్లి మొహానికి ముసుగేసుకుని దగ్గరికొస్తే బిడ్డ కిలకిలా నవ్వింది. అదే ముసుగుతో కొత్త మనిషి వస్తే బిడ్డ భయపడొచ్చు. ముసుగు మారలేదు, వెనక ఉన్న మనిషి మారింది. భయానికీ నవ్వుకూ మధ్య అంత పలుచని గోడ ఉంది.

పిల్లల లెక్క మన లెక్కతో తగిలిన ముచ్చట ఇంకొకటి ఉంది. మానుకోట అవతల, గూడూరు దిక్కు మా చెల్లె ఇల్లు. మిరప పండించిన ఒక ఏడు బావ మార్కెట్ నుంచి రాత్రి పూట తిరిగొచ్చాడు. వేలంలో అందరి ముందు పలికిన జెండా పాట ధర ఒకటి, ఆయన బస్తాలకు పడ్డ ధర ఇంకొకటి. పెట్టుబడి రాలేదు. గడపలో కూర్చుని చెప్పులు కూడా విప్పలేదు. చెల్లె అన్నం పెట్టనా అని అడగలేకపోయింది. అయిదేళ్ళ చిన్నోడు ఒక కర్రకు తువ్వాల కట్టి, ఖాళీ బస్తా మీదెక్కి వేలం పాట మొదలుపెట్టాడు. అక్క జుట్టు పట్టి చూసి "ఇది తాలు. అయిదు రూపాలు" అన్నాడు. నాయినమ్మ చెయ్యి వాసన చూసి "తేమ ఉన్నది. ఎండవెట్టాలె" అన్నాడు. చివరికి తండ్రి దగ్గరికొచ్చి, గడ్డాన్ని కాయ నలిపినట్టు రెండు వేళ్ళతో నలిపి, ఊరంతా వినేటట్టు అరిచాడు. "ఇది తేజ! మంచిగెండింది. ఇరవై పది రూపాలు!"

వాడికి ఇరవై తొమ్మిది దాకా వచ్చు. ఆ తర్వాత ఇరవై పదే.

"ఇరవై పదా? ఖరారేనా?" అన్నాడు బావ. నవ్వాడు. చెప్పులు విప్పాడు. అప్పు అట్లాగే ఉంది, ఆ పూట అన్నం మాత్రం తిన్నాడు.

ఇరవై పది తెలివితక్కువ మాట కాదు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అని పోతున్న వరసలో పది రావడమే న్యాయం. ముప్పై అనే కొత్త పేరు ఎవరో చెప్తే తప్ప తెలియదు. 1958లో జీన్ బెర్కో అనే భాషాశాస్త్రవేత్త లోకంలో లేని ఒక పిట్ట బొమ్మ చూపించి, దానికి 'వగ్' అని పేరు పెట్టి, ఇట్లాంటివి రెండుంటే ఏమంటారని చిన్నపిల్లలను అడిగింది. ఎన్నడూ వినని ఆ మాటకు పిల్లలు సరైన బహువచనం చేసి చెప్పారు. విన్నది అప్పజెప్పడం కాదు, వాళ్ళు సూత్రం పట్టేస్తారు. పట్టిన సూత్రాన్ని ప్రతిచోటా వాడతారు. మనకు నవ్వొచ్చే పిల్లల మాటల్లో చాలా వాటి వెనక ఇట్లాంటి ఒక సూత్రం నిలబడి ఉంటుంది.

వాడికి తెలిసే చేస్తాడా?

పండ్ల సెట్టు మాట అన్నవాడికి నవ్వించాలని లేదు. తేజ మిరపకు పాట పెట్టినవాడి సంగతి అంత తేలిగ్గా చెప్పలేం. పసివాళ్ళు కావాలని నవ్విస్తారా?

పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాసుదేవి రెడ్డి ఈ ప్రశ్న మీద ఏళ్ళ తరబడి కూర్చుంది. పిల్లలను ప్రయోగశాలకు పిలవకుండా ఇళ్ళల్లోనే చూసింది, తల్లిదండ్రులు చెప్పిన చిన్న చిన్న సంగతులను శాస్త్రానికి పనికొచ్చే సాక్ష్యంగా తీసుకుంది. ఏడాది నిండకముందే పిల్లలు నవ్వించే పనిలో పడతారని ఆమె చూపించింది. ఏదో అనుకోకుండా చేస్తారు, పెద్దవాళ్ళు నవ్వుతారు. వెంటనే ఆ మొహాల వైపు చూసి, అదే పని మళ్ళీ చేస్తారు. వస్తువు ఇస్తున్నట్టు చెయ్యి చాపి, అందుకోబోతే వెనక్కి లాక్కుంటారు. మాట రాని బిడ్డకు ఎదుటి మనిషి ఏమనుకుంటున్నాడో తెలిసినట్టే కదా ఇది! 2008లో వచ్చిన ఆమె పుస్తకం పసికందులకు ఇతరుల మనసు ఎట్లా తెలుస్తుందన్న సంగతి మీదే.

నవ్వు మాత్రమే కాదు, మన భయం కూడా వాళ్ళు మొహంలోనే చదువుతారు. 1985లో జేమ్స్ సోర్స్, ఆయన తోటివారు ఏడాది పిల్లలను గాజు పలక మీద పాకించారు. గాజు కింద సగం దూరం దాటాక ఒక మెట్టంత లోతు కనిపిస్తుంది. అక్కడికి రాగానే బిడ్డ ఆగి, అవతల ఉన్న తల్లి మొహం చూస్తుంది. తల్లి నవ్వు మొహం పెడితే 19 మందిలో 14 మంది దాటారు. భయపడ్డ మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

నాకు దీన్ని చదివినప్పుడు మోరంచపల్లి గుర్తొచ్చింది. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు ఊరి మీదికొచ్చిన రోజు. దగ్గరి చిట్యాలలో ఒక్క రోజులో 60 సెంటీమీటర్లు దాటి వాన పడింది. ఊరి జనం మేడల మీదికెక్కి, పడవలూ హెలికాప్టర్లూ వచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. వరదలో మనుషులు కొట్టుకుపోయారు. అట్లాంటి మేడ మీద చంకలో ఉన్న పిల్లకు వాగు ఎంత లోతో తెలియదు. ఎత్తుకున్న మనిషి మొహమే దానికి నీటి మట్టం. ఆ మొహం గట్టిగా బిగుసుకున్నప్పుడు బిడ్డ ముక్కు పట్టి లాగుతుంది, బుగ్గ కొరుకుతుంది, తలకట్టు పీకుతుంది. అల్లరి అంటాం. బిగుసుకున్న మొహాన్ని మళ్ళీ తెలిసిన మొహంగా చేసుకోవడానికి దానికి చేతనైన పని అది.

భయం మధ్య పిల్లల అల్లరి పాత కథల్లోనూ ఉంది. బమ్మెర మాకు దగ్గరే. పోతన పుట్టిన ఊరని చెప్పుకునే చోటు. భాగవతం దశమ స్కంధం విన్న ప్రతిసారీ ఒకటి నాకు తడుతుంది. పసిపిల్లలను చంపిస్తున్న కంసుడి భయంలో ఉన్న పల్లె అది. ఆ భయం మధ్యే వెన్నదొంగ మీద చాడీలు, మన్ను తిన్న నోరు, రోటికి కట్టిన తాడు. గోపికలు చాడీలు చెప్పడానికి వస్తే, సంస్కృత భాగవతంలో యశోద మొహాన నవ్వే తప్ప బిడ్డను కోప్పడాలన్న తలపే ఉండదు. భయపడ్డ ఇంట్లో పిల్లల అల్లరికి ఎంత చోటుండాలో ఆ కథ కట్టినవాళ్ళకు బాగా తెలుసు.

నవ్విన ఒళ్ళు

పెద్దమ్మ నవ్వుతుంటే కోడలు ఏడుపనుకుంది. వెనక నుంచి చూస్తే రెండూ ఒకటే. నవ్వంటే ఊపిరిని ముక్కలు ముక్కలుగా బయటికి తోయడం. ఒక్కో 'హ' సెకనులో పదిహేనో వంతు ఉంటుంది, సెకనుకు అయిదు దాకా వస్తాయి. పక్కటెముకలు, పొట్ట కండరాలు మన మాట వినకుండా పనిచేస్తాయి. అందుకే పొట్ట పట్టుకుంటాం.

ఈ శ్రమకు ఒళ్ళు బదులిస్తుంది. మన మెదడు తనంతట తాను నొప్పి మందు తయారుచేసుకుంటుంది, ఎండార్ఫిన్లు అంటారు. పరుగెత్తినప్పుడు, కలిసి పాడినప్పుడు ఊరేది అదే. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2011లో జనానికి తమాషా వీడియోలు చూపించి, ముందూ తర్వాతా నొప్పి ఎంత ఓర్చుకుంటారో చూసింది. చేతికి మంచులా గడ్డకట్టించిన తొడుగు వేసి, లేదా బీపీ పట్టీ బిగించి. కడుపారా నవ్వినవాళ్ళు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. మనసుకు హాయిగా ఉన్నా నవ్వని వాళ్ళలో ఆ తేడా రాలేదు. 2017లో ఫిన్లాండ్‌లోని తుర్కులో స్నేహితులతో కలిసి నవ్విన 12 మంది మెదళ్ళను స్కానింగులో చూస్తే, ఆ మందు విడుదలైన జాడ కనిపించింది. 12 మందే, చిన్న పరీక్ష. కానీ డన్‌బార్ చూసిన దానికి పొంతన కుదిరింది.

పదకొండు రోజులు సరైన నిద్ర, తిండి లేని ఒంటికి ఒక గుక్క మందు పడిందంటే దుఃఖం తగ్గిందని కాదు. మోసేవాళ్ళు బరువును ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నారంతే.

పెద్దమ్మ అడిగిన దానికి అన్నిటికంటే దగ్గరి జవాబు డాకర్ కెల్ట్‌నర్, జార్జి బొనానో 1997లో ప్రచురించిన పనిలో దొరికింది. భర్తో భార్యో పోయి ఆరు నెలలైనవాళ్ళను కూర్చోబెట్టి, పోయినవాళ్ళ గురించి మాట్లాడించి వీడియో తీశారు. ఆ మాటల మధ్య చాలామంది నవ్వారు! అదీ పైపై నవ్వు కాదు, కంటి చుట్టూ కండరం ముడుచుకునే నవ్వు. దొంగ నవ్వులో ఆ కండరం కదలదని ఫ్రెంచి వైద్యుడు దుషెన్ 1862లోనే చెప్పాడు. అట్లా కళ్ళతో నవ్వినవాళ్ళలో కోపం, కుములుడు తక్కువగా ఉన్నాయి, చుట్టూ ఉన్నవాళ్ళతో మంచిగా ఉన్నారు. నవ్వడం వల్ల కోలుకున్నారా, కోలుకుంటున్నందుకు నవ్వగలిగారా అన్నది ఈ ఒక్క పరీక్ష తేల్చదు. కానీ నవ్వినవాళ్ళు ప్రేమ లేనివాళ్ళన్న మాటకు మాత్రం ఇందులో ఆధారం లేదు.

నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ 1999లో చెప్పిన దుఃఖపు లెక్కను మా తాతలకు మోట చూపించి చెప్పొచ్చు. మోటకొట్టే ఎడ్లు దిగువకు నడుస్తాయి, మళ్ళీ వెనక్కి నడుస్తాయి. ఒక్క దిక్కే నడిపిస్తే బాయిలోంచి చుక్క నీరు పైకి రాదు. పోయినవాళ్ళ వైపు పోవడం, మిగిలిన బతుకు వైపు రావడం, ఈ రెండింటి మధ్య ఊగడమే దుఃఖం నడిచే తీరు అంటారు వాళ్ళు. పిల్లవాడి మాట ఎడ్లను వెనక్కి తిప్పే అదిలింపు.

నవ్వకూడని చోటు

ఇంతదాకా చెప్పి ఇది చెప్పకపోతే పిల్లలకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఆ సాయంత్రమే మా వాళ్ళలో ఒకరు ఫోను తీసి "మళ్ళొకసారి అను బిడ్డా, పండ్ల సెట్టు అను" అన్నారు. వాడు అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి అడిగితే తల్లి వెనకాల దాక్కున్నాడు. మొదటిసారి వాడు తాత ఆకలి తీర్చబోయాడు. నిజంగానే ఉరికిపోయి తెచ్చేవాడు. ఫోను ముందు ఆ మాట ఆటవస్తువైంది, అది వాట్సాప్ స్టేటస్‌లోకి పోయింది. వాడితో పాటు నవ్వడం వేరు, వాడి మీద నవ్వడం వేరు. ఏది ఏదో మనకంటే ముందు పిల్లలకే తెలుస్తుంది. ఇంట్లో ఏడుపు వచ్చినప్పుడల్లా "ఏదో ఒకటి చెయ్యి, అమ్మ నవ్వాలె" అని పసివాడి నెత్తిన ఆ పని పెట్టడం నాకు భరించరానిదిగా ఉంటుంది. పెద్దల దుఃఖం మోయడానికి ఆ భుజాలు సరిపోవు.

ఇంకొకటి. శవం పక్కన పిల్ల నవ్వితే దెబ్బ పడుతుంది. "సిగ్గులేదా?" అంటాం. భయం కూడా నవ్వు రూపంలో వస్తుంది. ఎదుటి మనిషికి కరెంటు షాకు ఇవ్వమని ఆజ్ఞాపించిన స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగంలో, 1963లో ఆయన ప్రచురించిన దాని ప్రకారం, 40 మంది పెద్దమనుషుల్లో 14 మంది బెదురు నవ్వు నవ్వారు. అది తమాషాకు వచ్చిన నవ్వు కాదు. షాకు ఇవ్వడం నచ్చి నవ్వలేదని తర్వాత చెప్పుకున్నారు కూడా. పెద్దవాళ్ళకే ఆగనిది ఆరేళ్ళ పిల్లకు ఎట్లా ఆగుతుంది? ఆ నవ్వుకు దెబ్బ మందు కాదు, ఒడి మందు.

పెద్దల దుఃఖం వాగు లాంటిది, దిగితే ఈదాల్సిందే. పిల్లలది వాన వెలిశాక బాటలో నిలిచిన నీళ్ళగుంటలు. ఒకదాంట్లో దూకుతారు, తడుస్తారు, బయటికొచ్చి ఆడుకుంటారు, కొంచెం దూరం పోయాక ఇంకో గుంట. ఆడుకుంటున్నాడు కదా, వీడికేం తెలుసని మనం అనుకున్నప్పుడు వాడు రెండు గుంటల మధ్య పొడి నేల మీదుంటాడు. ఆగిపోయిన పక్కతడుపు మళ్ళీ మొదలైనా, తల్లి కొంగు విడవకపోయినా, ముద్దుమాటలు వెనక్కి వచ్చినా అది నవ్వులాట కాదు. వాడు గుంటలో ఉన్నాడు.

పోయిన నెల పెద్దబాపు సంవత్సరీకం పెట్టారు. మనుమడికి అయిదు దాటి, బడికి పోతున్నాడు. అన్నాలయ్యాక ఎవరో పండ్ల సెట్టు ముచ్చట ఎత్తారు. ఏడాదిలో అది ఇంటి కథైపోయింది, ఒక్కొక్కరూ ఒక్కో ముక్క అందిస్తూ చెప్పుకున్నాం, నవ్వుకున్నాం. పెద్దమ్మ కూడా ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. వాడు నవ్వలేదు.

"నాయినమ్మా, నేను పండ్లు తెచ్చిచ్చినా తాత తినడా?"

"తినడు బిడ్డా."

"ఎన్నడు తినడా?"

"ఎన్నడు తినడు."

వాడు లోపలికి పోయి స్టూలు ఎక్కి, గూట్లోంచి స్టీలు డబ్బా దించాడు. మూత తీసి చాలాసేపు చూశాడు. మూత పెట్టి, డబ్బా తెచ్చి పెద్దమ్మ ఒడిలో పెట్టి, ఆమె పక్కలో మొహం దాచుకుని ఏడ్చాడు. తాత పోయిన నాడు కూడా అట్లా ఏడవలేదు. పెద్దమ్మ ఊరుకొమ్మని అనలేదు, వీపు నిమురుతూ కూర్చుంది.

కొంచెంసేపటికి బయట పిల్లలు బంతి ఆటకు పిలిచారు. మొహం తుడుచుకుని ఉరికాడు. డబ్బా పెద్దమ్మ ఒడిలోనే ఉంది.